కొనోప్కా తూకపు చుక్క

మార్చి 9, శనివారం

క్వాపిల్ గారు తన ప్లాన్ నా చేతికిచ్చేశారు. చుట్టగా చుట్టి, పాత ఊలు మేజోడులో దూర్చి తెచ్చారు. నీ దగ్గరే ఉంచేసుకో అమ్మాయ్, నేను పోయాక రాద్కా దీంతో పొయ్యి అంటిస్తుంది అన్నారు. రాద్కా ఆయన కూతురు. నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఆయనకు నేనింకా అమ్మాయినే.

1949లో, పదహారేళ్ళ వయసులో గీశారట. చిన్న గ్లైడర్. పేరు కొనోప్కా, మా పొలాల్లో తిరిగే ఒక బుల్లి పిట్ట పేరు. ఇంజిన్ లేదు, ఏమీ లేదు. పుల్లలు, పలుచటి కాగితం, వాసనొచ్చే లక్క. దారం కట్టి గాలిపటంలా పరుగెత్తి లాగితే పైకెక్కి, దారం వదిలించుకుని తన దారిన తాను పోతుంది.

ఇస్తూ ఇస్తూ కోసీర్ కథ మళ్ళీ చెప్పారు. ఆ వేసవిలో ఒంటరిగా వెళ్ళి వదిలారు, వెచ్చటి గాలి దొరికింది, కొనోప్కా ఎక్కి ఎక్కి కోసీర్ కొండ దాటిపోయింది, తిరిగి రాలేదు. ఆయన చెప్పిన ప్రతిసారీ ఆ కొండ ఇంకాస్త ఎత్తు పెరుగుతుందని మా బుల్లి విమానాల క్లబ్‌లో జోక్. ఈసారి ఆయన కంటే ముందు నేనే లోపల్లోపల మాటలు అందిస్తూ కూర్చున్నాను. మర్యాదకు తలూపాను.

మార్చి 12, మంగళవారం

గీత మొదలుపెట్టాను. నేను స్కాన్ చెయ్యను. పంపుల ఫ్యాక్టరీలో జీవితమంతా డ్రాయింగులు గీసినదాన్ని. కింద లైటున్న బల్ల మీద పాత కాగితం పరిచి, పైన ట్రేసింగ్ పేపర్ వేసి, గీత మీద గీత. తర్వాత నా గీతనే క్లబ్ పేజీలో పెడతాం. ప్రపంచంలో ఎవరైనా ఊరికే దించుకుని కట్టుకోవచ్చు.

దీనికి ఒకే ఒక్క చట్టం. పాత ప్లాన్‌లో వెంట్రుకవాసి కూడా మార్చకూడదు. మార్చక తప్పకపోతే కింద కుడి మూలన ఏం మార్చామో, ఎవరు మార్చారో రాయాలి. మా ప్రెసిడెంట్ స్వాతోప్లుక్ వృత్తికి బస్సు డ్రైవరు. రెడ్ లైటునైనా దాటేస్తాడేమో కానీ ఈ చట్టం దాటనివ్వడు.

మార్చి 17, ఆదివారం

అంతా అయింది. ఒక్క తూకపు చుక్క మిగిలింది.

రెక్క కింద రెండు వేళ్ళు పెడితే విమానం ముందుకూ వెనక్కూ వాలకుండా నిలబడాల్సిన చోటు అది. క్వాపిల్ గారి ప్లాన్‌లో ఆ చుక్క రెక్క వెడల్పులో బాగా ముందు అంచు వైపు ఉంది. నాకు తెలిసిన గ్లైడర్లన్నిటికీ మధ్యకు వెనకే ఉంటుంది. పిల్లాడు గీసిన బొమ్మ, ఇంకెలా ఉంటుంది అనుకున్నాను. బొటనవేలంత వెనక్కి జరిపాను.

ఆయన్ను అడగలేదు. అడిగితే మళ్ళీ కోసీర్ కథ వినాలి. మూలన రాయలేదు. పెద్దాయన చిన్నబుచ్చుకుంటారని నాకు నేను చెప్పుకున్నాను. ఇది నా డైరీ కాబట్టి అసలు సంగతి రాస్తాను: అది అద్భుతంగా ఎగరాలి, ఎందుకు ఎగురుతోందో నా ఒక్కదానికే తెలియాలి. అదీ నా కోరిక.

మూలన రెండు పేర్లే రాశాను, ఆయనదీ నాదీ. గీసినది: ఓ. క్వాపిల్. తిరగగీసినది: ద్ర. జ్బోర్జిలోవా. అప్‌లోడ్ చేశాను.

మార్చి 24, ఆదివారం

ఇటలీ నుంచి ఒకాయన, బ్రెజిల్ నుంచి ఇంకొకాయన మెయిల్ రాశారు. నా గీతలు అచ్చు వేసినట్టున్నాయట. రోజంతా గాలిలో తేలాను.

ఏప్రిల్ 4, గురువారం

పోలండ్‌లో గ్లివీత్సే నుంచి ఒక పెద్దమనిషి మెయిల్. కొనోప్కా కట్టాడు. వదిలితే ముక్కు పైకెత్తుతుంది, ఆగుతుంది, కింద పడుతుంది, మళ్ళీ ఎత్తుతుంది. తాగినవాడు మెట్లెక్కినట్టు ఉందని రాశాడు. చివరికి ముక్కులో సీసం వేస్తూ వేస్తూ పోయాడట. తూకం రెక్క ముందు వైపుకు వచ్చేసరికి హాయిగా ఎగిరిందట. ఆ చుక్క గీసినాయన పెట్టిందేనా, లేక తిరగగీసేటప్పుడు ఏమైనా జరిగిందా అని అడిగాడు. చాలా మర్యాదగా అడిగాడు.

ప్లాన్ తీసి చూశాను. తోక చూశాను.

నాకు తెలిసిన గ్లైడర్ల తోక పైన ఉబ్బుగా ఉంటుంది, కొంత బరువు అది మోస్తుంది. కొనోప్కా తోక పలకలా చదును. ఏమీ మోయదు. అందుకే తూకం ముందుండాలి. ఆ పిల్లాడికి తెలుసు. తోకకు తగ్గ చుక్క పెట్టాడు. ఆ చదును తోకను నా పెన్నుతో నేనే గీశాను, కళ్ళుండీ చూడలేదు.

అదే రోజు, సాయంత్రం

జవాబు రాశాను. పాత ప్లాన్ అండీ, గీసినాయనకు అప్పుడు పదహారేళ్ళు, ఏం చేస్తాం అని.

పంపేశాను కూడా. తర్వాత సూప్‌లోకి ఉల్లిపాయలు వేయిస్తూ మాడ్చేశాను.

ఏప్రిల్ 6, శనివారం

ఫైల్ మార్చడం క్షణంలో పని. కానీ అప్పటికే అందరి దగ్గరా కాపీలున్నాయి. చుక్క కదిలితే, కదిపిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. మార్చలేదు.

ఏప్రిల్ 22, ఈస్టర్ సోమవారం

పొద్దున్నే స్వాతోప్లుక్ విల్లో కొమ్మల జడకొరడా పట్టుకుని వచ్చాడు. ఈస్టర్‌కు ఆడవాళ్ళను అలా కొట్టడం మా ఆనవాయితీ, నా కాళ్ళ మీద రెండంటించాడు. రంగుగుడ్డు ఇచ్చాను, ప్లమ్ సారా పోశాను. ఇంజినీరమ్మా, ఇంటర్నెట్‌లో మనవాళ్ళ ఫోరం చూశావా, కొనోప్కా పిట్ట కాదట, కోడిపెట్టట అన్నాడు. ఒక జర్మన్ ముక్కలైపోయిన తన విమానం ఫొటో పెట్టి, దీన్ని గీసినవాడు దర్జీ పని చేసుకోవాల్సింది అని రాశాడట. స్వాతోప్లుక్ గ్లాసు మళ్ళీ చాచి, ఆ చుక్కతో కోసీర్ దాటడమా, బీట్‌దుంపల చేను కూడా దాటదు, ముసలాయన డెబ్బై ఏళ్ళుగా మనకు కొండ అమ్ముకుంటున్నాడే అన్నాడు.

నేనూ నవ్వాను. తేలు కుట్టిన దొంగ కనీసం నోరు మూసుకుంటాడు. నేను పళ్ళు బయటపెట్టి నవ్వాను.

మే 3, శుక్రవారం

శుక్రవారాలు క్లబ్ అంతా బీరు దుకాణంలో కూర్చుంటుంది. క్వాపిల్ గారూ, కోసీర్ ఎలా ఉంది ఈ ఏడు, కాస్త కుంగిందా అని ఎవరో కదిపారు. బల్లంతా ఎదురుచూసింది. ఆయన గ్లాసులోకి చూసి, ఇవాళ నురగ పల్చగా ఉంది అన్నారు. అంతే. కథ చెప్పలేదు.

ఆయన కథ చెప్పకపోతే బాగుండునని ఎన్ని శుక్రవారాలు మొక్కుకున్నాను. ఇవాళ చెప్పలేదు, నేను బీరు సగంలో వదిలేసి లేచాను.

బయటికి వచ్చేటప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నారు. అమ్మాయ్, ఆ చుక్క నేనెక్కడ పెట్టానో నాకు గుర్తు రావట్లేదు, అప్పట్లో వేళ్ళ మీద నిలబెట్టి చూసుకునేవాణ్ణి, నువ్వు కాగితం దగ్గరగా చూశావు కదా, ఎక్కడుంది అని అడిగారు. చెప్పెయ్యడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. వీధిలో ఎవరూ లేరు. మీ ప్లాన్‌లో ఎలా ఉందో అలాగే గీశానండీ అన్నాను.

సరేలే, నువ్వు గీస్తే తిరుగేముంది అన్నారు.

మే 10, శుక్రవారం

బజారులో రాద్కా కలిసింది. నాన్న మునుపటిలా లేడు ద్రాహా అంది. కోసీర్ మాట ఎత్తట్లేదట. వంటింటి బల్ల మీద కొనోప్కా కడుతున్నాడట, నా ప్లాన్ చూసే. చేతులు వణుకుతాయి, వేళ్ళు కోసుకుంటాడు, వద్దంటే వినడు, నా కళ్ళతో నేనే తేల్చుకుంటానంటాడు అని చెప్పింది. నీ వల్లే ఆయనకు ఈ వయసులో ఒక పని దొరికింది, నీ మేలు మర్చిపోను అని గసగసాల బన్నులు నా సంచీలో కుక్కింది.

సంచీ మోసుకుని ఇంటికొచ్చాను.

మే 18, శనివారం

స్వాతోప్లుక్ ఫోన్ చేశాడు. వచ్చే శనివారం మైదానంలో మన క్లబ్ మీట్ కదా, క్వాపిల్ గారి గౌరవార్థం కొనోప్కాలన్నీ ఒకేసారి ఎగరేస్తాం, ఆఖరున దిగినవాడు గెలిచినట్టు, వేరే ఊళ్ళ నుంచి కూడా వస్తున్నారు అన్నాడు. అసలు ప్లాన్‌ను అద్దం కింద పెట్టి అందరికీ చూపిస్తాడట. తీసుకురా అన్నాడు.

పోయిందని చెప్పొచ్చు. కానీ పెద్దాయన నమ్మి ఇచ్చిన కాగితం పోగొట్టానని చెప్పడానికి సిగ్గేసింది. ఆ చిన్న సిగ్గు తప్పించుకోవడానికి ఏం చేశానో రాస్తున్నాను.

బ్లేడు తీసుకున్నాను. మా రోజుల్లో సిరా తప్పును బ్లేడుతోనే గీకేవాళ్ళం. పైపైన, కాగితం నొవ్వకుండా. చుక్క పోయింది. గీకిన చోట గోటితో రుద్ది నున్నగా చేశాను, లేకపోతే అక్కడ చెయ్యి తగిలితే తెలుస్తుంది. సిరాలో కాస్త టీ డికాక్షన్ కలిపి, ఆయన మిగతా సిరా గీతల రంగు తెచ్చాను. బొటనవేలంత వెనక కొత్త చుక్క పెట్టాను. పదహారేళ్ళ పిల్లాడి చుక్క, అంచు కొంచెం వంకర.

చెయ్యి వణకలేదు. అది తల్చుకుంటేనే తల కొట్టేసినట్టుంది.

మే 25, శనివారం

రాయకుండా పడుకుందామనుకున్నాను. పడుకోలేను.

మైదానం నిండా జనం. సాసేజిల పొగ, బీరు పీపాలు, గడ్డిలో రంగురంగుల రెక్కలు. చాలామంది కొనోప్కాల ముక్కుల్లో సీసం కూరుకుని వచ్చారు. దాని గురించి జోకులు. నీదాంట్లో ఎంత బరువు వేశావు, మాదాంట్లో అయితే శవపేటిక మేకులన్నీ పట్టాయి అని.

క్వాపిల్ గారు కోటూ టైతో వచ్చారు. ఆయన కొనోప్కా నీలం రంగు. వణికే చేతులతో కట్టారని ఎవరికీ తెలియనంత శుభ్రంగా ఉంది. సీసం అదనంగా వెయ్యలేదు. నా ప్లాన్‌లో చుక్క ఎక్కడుందో అక్కడికే తూకం పెట్టారు. సొంత ప్లాన్‌ను తానే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు అన్నారు.

అద్దం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. నా సిరాయే, నా చుక్కే అన్నారు. నా వైపు చూసి అన్నారు.

తర్వాత స్వాతోప్లుక్ చేతిలోంచి మైకు అడిగి తీసుకున్నారు. మంచి చెక్క పాడుచేసుకున్న వాళ్ళందరికీ క్షమాపణ చెప్పారు. పదహారేళ్ళ వాణ్ణి, తెలిసింది తక్కువ, ధైర్యం ఎక్కువ అన్నారు. అక్కడితో ఆగుతారేమో అనుకున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి, కోసీర్ గురించి అన్నారు. ఆ రోజు ఎండ కళ్ళలో కొడుతోంది, కొనోప్కా బహుశా ఇవతల బీట్ చేలోనే పడిపోయి ఉంటుంది, వెతికితే దొరకలేదు, దొరకలేదంటే కొండ దాటిందని చెప్పుకున్నాను, చెప్పీ చెప్పీ నేనే నమ్మాను, ఇన్నేళ్ళు మిమ్మల్ని విసిగించాను, పోనివ్వండి అన్నారు.

చప్పట్లు మోగిపోయాయి. రాద్కా ఏడ్చింది. నేను దారపు చక్రం పట్టుకుని నిలబడ్డాను. ఆయన విమానం చేత్తో పట్టుకుంటే దారం లాగుతూ పరుగెత్తేది నేనే కావాలని ఆయన కోరారు.

పరుగెత్తాను. నీలం కొనోప్కా లేచింది, ముక్కెత్తింది, ఆగింది, పడింది. సాసేజిల బండి పక్కన, రెక్క విరిగి. పైన అందరివీ తిరుగుతున్నాయి, సీసం పుణ్యమా అని. ఆయన తల పైకెత్తి వాటికి చప్పట్లు కొట్టారు.

ఆయనకున్నది ఆ ఒక్క రోజు. 1949లో ఆ ఒక్క మధ్యాహ్నం. దాన్ని లాక్కున్నాను. చెప్పాలి. రేపే.

మే 26, ఆదివారం

స్వాతోప్లుక్ ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. చుక్క జరిపింది నేను. గ్లివీత్సే ఆయనకు అబద్ధం రాసింది నేను. అసలు ప్లాన్ గీకింది కూడా నేనే.

అతను కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టాడు. తర్వాత బంగారు తల్లివే ద్రాహా అన్నాడు. నిన్న ముసలాయన్ను చూసి మా గుండెలు కూడా తరుక్కుపోయాయి, కానీ ఆయన పరువు కోసం ఇంత నింద ఎవరు నెత్తిన వేసుకుంటారు అన్నాడు.

ప్లాన్ కిటికీ వెలుతురుకి పట్టి చూపించాను. ఇదిగో, ఇక్కడ కాగితం పల్చబడింది, చూడు అన్నాను. చూశాడు. గీకినట్టే ఉంది, ఆయనే గీకి ఉంటాడు, ఆ వయసులో ఎక్కడ పెట్టాలో తేలక ముందు వెనక చూసుకుని ఉంటాడు, మనమంతా గీకలేదా ఏంటి అన్నాడు. కొత్త చుక్క చూడు, నాది అన్నాను. నవ్వాడు. ఇంత వంకర చుక్క నీ చెయ్యి పెడుతుందా, ఎవరికి చెప్తావు అన్నాడు.

పని మరీ బాగా చేశాను.

మే 29, బుధవారం

క్వాపిల్ గారికి చెప్పాను. వంటింట్లో, నీలం రెక్క అతికిస్తున్నారు. ముందే స్వాతోప్లుక్ ఫోన్ చేసి చెప్పేశాడట, ద్రాహా వస్తుంది, మంచి మనసుతో ఏదో చెప్తుంది, నొప్పించకండి అని.

చెప్తున్నంతసేపూ నా చెయ్యి నిమిరారు. నా కోసం అబద్ధాలాడకు అమ్మాయ్, డెబ్బై ఏళ్ళు ఒకటి చెప్పినవాణ్ణి, వింటే పోల్చుకోగలను అన్నారు.

ఏడ్చాను. ఏడిస్తే అసలే నమ్మలేదు. టీ పెట్టారు.

జూన్ 8, శనివారం

మాటతో కానిది చూపిస్తే అవుతుందనుకున్నాను. వారం రోజులు కూర్చుని నేనొక కొనోప్కా కట్టాను. తూకం ఆయన మొదట పెట్టిన చోటనే పెట్టాను. పొద్దున్నే కారులో ఆయన్ను ఎక్కించుకుని మైదానానికి తీసుకెళ్ళాను. ఇది మీ చుక్క, 1949 నాటిది, చూడండి అని చెప్పి పరుగెత్తాను.

లేచింది. దారం వదిలింది. ముక్కు ఊగలేదు. చేల మీద ఒక చుట్టు తిరిగింది, ఎక్కడో వెచ్చటి గాలి దొరికింది, ఎక్కడం మొదలుపెట్టింది. చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. కోసీర్ మీదుగా అవతలికి పోయింది. ఇద్దరం చూశాం. ఎండ కళ్ళలో లేదు.

ఆయన టోపీ తీసి గుండెకు పట్టుకున్నారు. చెంపలు తడిశాయి. హమ్మయ్య, ఇప్పటికి తెలిసింది అనుకున్నాను. నా ప్రాణం లేచి వచ్చింది.

ఎగరడమంటే ఇదీ అన్నారు. నేను గీయాలనుకున్నది ఇదే అమ్మాయ్, నాకు చేతకాలేదు, నీ వల్ల అయింది, చచ్చేలోగా చూశాను, చాలు అన్నారు. దీని మీద ఇక నా పేరు ఉండకూడదు, నీ పేరు పెట్టు అన్నారు.

కాదండీ, మీదే, మీదే అని అరిచాను. అంత అణకువ పనికిరాదు అని నా బుగ్గ తట్టారు.

జూన్ 14, శుక్రవారం

బీరు దుకాణంలో ఆయన లేచి ప్రతిపాదించారు. కొత్త ప్లాన్, చుక్క సరైన చోట, గీసినది ద్ర. జ్బోర్జిలోవా. ఇకనుంచి కట్టేవాళ్ళు రెక్క కింద రాయాల్సింది ఆ పేరే.

నేనూ లేచాను. అందరి ముందూ మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. బ్లేడు, డికాక్షన్, అన్నీ. ఎవరో ముక్కు చీదుకున్నారు. ఇలాంటి మనిషి మన క్లబ్‌లో ఉండడం మన అదృష్టం అని స్వాతోప్లుక్ అన్నాడు. చేతులెత్తమన్నాడు. అన్ని చేతులూ లేచాయి. ఎత్తనిది నేనొక్కదాన్నే, దానికి నవ్వారు.

క్వాపిల్ గారు నా పక్కనే కూర్చున్నారు. తేలిగ్గా ఉన్నారు. నురగ బాగుందన్నారు.

జూలై 2, మంగళవారం

గ్లివీత్సే ఆయన ఫొటో పంపాడు. కొత్త కొనోప్కా, ఎర్ర రెక్క, కింద నా పేరు. మీ కొనోప్కా చాలా బాగా ఎగురుతోంది మేడం అని రాశాడు.

థాంక్యూ అని జవాబిచ్చాను.